పసిపిల్లలతో ఒక్కరోజు సాగర్ టూరు: అయిదు చోట్లు వద్దు, రెండు చాలు

చెల్లెమ్మా, మీ ప్రశ్న నిదానంగా చదివాను. దసరా సెలవుల్లో నల్గొండ నుంచి ఒకే బండిలో పదకొండు మంది. వారిలో అయిదేళ్ల బాబు, మూడేళ్ల పాప, పది నెలల పసివాడు. ఉదయం ఆరింటికి బయలుదేరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, నాగార్జునసాగర్ డ్యాము, అక్కడి బౌద్ధ ప్రాంగణం బుద్ధవనం, లాంచీలో నీళ్ల మధ్యనున్న నాగార్జునకొండ, ఆ తర్వాత ఎత్తిపోతల జలపాతం, అన్నీ చూసుకుని రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరాలన్నది మీ మామగారి ఆలోచన. పోయినసారి ఇలాగే వెళితే పిల్లల ఏడుపులు, వాంతులు, పెద్దల మధ్య మాట పట్టింపులు. ఈసారైనా సజావుగా జరగాలంటే ఏం చేయాలని అడిగారు.

నేను నల్గొండలో టూరు బండి నడుపుతాను. పెళ్లి పార్టీలు, గుడి పార్టీలు, సెలవుల్లో కుటుంబాలు, అందరినీ చాలా ఏళ్లుగా తిప్పుతున్నాను. ముందు అద్దంలో రోడ్డుతో పాటు వెనుక సీట్లూ కనిపిస్తుంటాయి కాబట్టి, ఏ ఇంటివారి ప్రయాణం ఎక్కడ చెడుతుందో నాకు బాగా తెలుసు. పిల్లలు అల్లరి చేసి టూరు చెడగొట్టడం నేను చాలా అరుదుగా చూశాను. పెద్దలు రాసుకున్న పట్టికే చెడగొడుతుంది. అందుకే మీకు చెప్పేది ఒక్కటే: ఆ రోజు మీ ఇంట్లో అందరికంటే చిన్నవాడి నిద్ర, ఆకలి ప్రకారం నడవాలి. మిగతా పదిమందీ దానికి సర్దుకోవాలి. సర్దుకోగలిగిన వయసు వాళ్లదే.

మీ పట్టికనే తీసుకుని లెక్క వేద్దాం. నల్గొండ నుంచి సాగర్ సుమారు 65 కిలోమీటర్లు. హాలియా మీదుగా మామూలుగా గంటన్నరలో వెళ్లవచ్చు, పసిపిల్లలు ఉంటే రెండు గంటలు అనుకోండి. నాగార్జునకొండకు లాంచీ కోసం ఎదురు చూడటం, వెళ్లడం, దిగి చూడటం, తిరిగి రావడం కలిపితే సగం పూట పోతుంది. నది మధ్యలో ఎండ, లాంచీలో జనం, పది నెలలవాడికి పాలు పట్టడానికి చాటు కూడా దొరకదు. బుద్ధవనం 274 ఎకరాల్లో ఉంది. పెద్దవాళ్ల కాళ్లే నొప్పులు పుడతాయి. ఎత్తిపోతల ఏమో డ్యాము దాటి అవతలి ఒడ్డున, ఆంధ్రప్రదేశ్ వైపు, సాగర్ నుంచి మరో 11 కిలోమీటర్లు. వీటన్నిటినీ ఒక పగటిలో ఇరికిస్తే ప్రతిచోటా "తొందరగా ఎక్కండి, తొందరగా దిగండి" అనడమే మిగులుతుంది. మూడేళ్ల పిల్లకు తొందర అనే మాట అర్థం కాదు. ఆమెను ఎత్తుకుని పరుగెత్తాలి, ఆమె ఏడవాలి, ఆ ఏడుపుకు పసివాడు లేవాలి. గొడవ అక్కడ మొదలవుతుంది.

కాబట్టి నా సలహా: డ్యాము, బుద్ధవనం, అంతే. లాంచీ, ఎత్తిపోతల ఈసారికి వదిలేయండి. పానగల్లు గుడి మీ ఊరి అంచునే ఉంది, నాలుగు కిలోమీటర్లు కూడా లెక్క కాదు. దాన్ని సాగర్ పట్టికలో పెట్టడం ఎందుకు? ఏదో ఒక ఆదివారం ఉదయం తీరికగా వెళ్లండి. గర్భగుడిలో శివలింగం వెనుక గోడ మీద పగలంతా చెదరకుండా ఒక నీడ నిలిచి ఉంటుంది. అది ఏ స్తంభం నీడో వెతకమని అయిదేళ్ల బాబుకు చెప్పండి. ఒక్కో స్తంభం దగ్గరికీ వెళ్లి నిలబడి తన నీడ పడుతుందా అని చూసుకుంటాడు. ఆ వెతుకులాటకు తీరిక కావాలి. సాగర్‌కు ఆలస్యమవుతోందని బయట హారన్ కొడుతుంటే ఆ నీడను ఎవరు చూస్తారు?

డ్యాము దగ్గర పిల్లలకు చెప్పడానికి చాలా ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎక్కువ భాగం రాతి కట్టడం, 26 గేట్లు. అయిదేళ్లవాడికి ఈ సంవత్సరాలతో పనిలేదు, గేట్లు లెక్కపెట్టమంటే మాత్రం సంతోషంగా లెక్కపెడతాడు. మీ మామగారి వయసువారికి ఆ కట్టడం నాటి కబుర్లు పెద్దల నోట విన్నవి గుర్తుంటాయి, వాటిని మనవడికి చెప్పమనండి. బుద్ధవనంలో మొత్తం తిరగకండి. 2022 మేలో ప్రారంభమైన ఆ ప్రాంగణంలో జాతక కథల, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథల శిల్పాలున్న వనం ఒకటి ఉంది. కోతి, ఏనుగు, జింక కథలు. చిన్నపిల్లలకు అంతకంటే మంచి చోటు అక్కడ మరొకటి లేదు. అక్కడే గంటసేపు ఉండండి. మహాస్తూపం దగ్గరికి పెద్దలు వంతులవారీగా వెళ్లి వస్తే సరిపోతుంది.

మామగారితో ఈ మాట చెప్పడం మీకు ఇబ్బంది కావచ్చు. "అన్నీ వద్దు" అని మొదలుపెడితే పెద్దవారు నొచ్చుకుంటారు. "మామయ్యా, లాంచీ, ఎత్తిపోతల సంక్రాంతికి పెట్టుకుందాం, అప్పటికి చిన్నోడు నడుస్తాడు, తాత చెయ్యి పట్టుకుని చూస్తాడు" అని మీ వారితో చెప్పించండి. తీసేశామని కాకుండా వాయిదా వేశామని చెబితే పెద్దలు ఒప్పుకుంటారు. నా బండిలో ఇలాంటి సర్దుబాట్లు ఎన్నో కుదిరాయి.

ఇక బయలుదేరే సమయం. ఆరింటికి అనుకుంటారు, ఎనిమిదిన్నరకు కదులుతారు. ఆ రెండున్నర గంటలు స్నానాలు, టిఫిను, తాళాలు, చార్జర్లు. నిద్రలేపిన పిల్లలు అప్పటికే అలసిపోతారు. పది నెలల బిడ్డ సాధారణంగా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నిద్రపోతాడు. మీ బాబు పొద్దున ఎన్నింటికి కునుకు తీస్తాడో మీకు తెలుసు. దానికి పావుగంట ముందు బండి కదలాలి. అప్పుడు సాగర్ వరకు నిద్రలోనే వస్తాడు. దిగేసరికి హుషారుగా ఉంటాడు. మధ్యాహ్నం కునుకు కూడా తిరుగు ప్రయాణంలో పడేట్టు చూసుకుంటే, మూడింటికల్లా సాగర్ వదలాలి. "ఇంత దూరం వచ్చి మూడింటికే వెళ్లడమా" అంటారు. నిజమే, కానీ సాయంత్రం అయిదు తర్వాత అలసిన పిల్లలతో గడిపే గంట ఎవరికీ సంతోషం ఇవ్వదు.

ఇది దసరా నాటి లెక్క. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా మన జిల్లా ఎండల్లో పసివాళ్లతో పగటి టూరే పెట్టుకోవద్దు. తప్పనిసరైతే తెల్లవారుజామున నిద్రపోతున్న పిల్లలను ఎత్తుకుని బండెక్కి, పదిన్నరకల్లా నీడ పట్టుకు చేరాలి.

వాంతుల గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే పోయినసారి మీకు అదే పెద్ద బాధ అయినట్టుంది. ప్రయాణపు వాంతులు రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లల్లో ఎక్కువ. చెవి లోపలి భాగం "కదులుతున్నాం" అంటుంది, కళ్లు "కదలడం లేదు" అంటాయి. ఆ తగువులో కడుపు తిప్పుతుంది. అందుకే ఫోను చూస్తూ కూర్చున్న పిల్లలకు ముందుగా వస్తుంది. ఏడుపు ఆపడానికి ఫోను ఇస్తారు, అరగంటలో వాంతి. ఫోను తీసేసి కిటికీ అవతల దూరంగా చూడమనండి. వెనుక చక్రాల మీద, చివరి వరుసలో పిల్లలను కూర్చోబెట్టకండి, ఎగుడుదిగుళ్లు అక్కడే ఎక్కువ. మధ్య వరుస మేలు. ఖాళీ కడుపూ మంచిది కాదు, పూరీలు తిని ఎక్కడమూ మంచిది కాదు. ఒక ఇడ్లీ, ఒక అరటిపండు చాలు.

ఇంకొక సంగతి. మా డ్రైవర్లలో చాలామంది పొద్దున్నే బండిలో దేవుడి బొమ్మ ముందు అగరుబత్తి వెలిగిస్తారు. అద్దాలు మూసి ఏసీ వేస్తే ఆ పొగ, దానికి తోడు అత్తరు సీసా వాసన, మల్లెపూలు, డబ్బాలోని పులిహోర ఇంగువ, అన్నీ కలిసి పిల్లల కడుపులో తిప్పుతాయి. పిల్లలున్న పార్టీ అయితే నేను తలుపులన్నీ తెరిచి దండం పెట్టుకుని, అగరుబత్తి బయట మట్టిలో గుచ్చేస్తాను. మీ డ్రైవరుకు ఈ మాట ముందురోజే చెప్పండి, ఏ డ్రైవరూ తప్పుగా అనుకోడు. పాప ముఖం పాలిపోయి, మాటలు ఆపేసి, ఊరికే ఆవులిస్తుంటే అది వాంతికి ముందు గుర్తు. "ఊరు వచ్చాక ఆపుదాం" అనకండి, వెంటనే ఆపించి దింపి పది అడుగులు నడిపించండి. మాత్రలు, సిరప్పులు మీ పిల్లల డాక్టరును అడగకుండా వేయవద్దు, రెండేళ్లలోపు వారికైతే అసలే వద్దు. మరో జత బట్టలు పిల్లలకు అందరూ పెట్టుకుంటారు. తల్లికీ ఒక జత పెట్టుకోండి. బిడ్డ వాంతి తల్లి చీర మీదే పడుతుంది, ఆ చీరతో రోజంతా తిరగాల్సి వస్తుంది.

భోజనం ఇంటి నుంచే తెచ్చుకోండి. చింతపండు పులిహోర పెద్దలకు రోజంతా నిలుస్తుంది. పిల్లల పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుందని భయపడతారు. మెత్తగా వండిన అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు కాచిన పాలు ఎక్కువగా, పెరుగు ఒక్క చెంచా వేసి కలపండి, తినే వేళకు సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది. కొంచెం జారుగా కలపాలి, ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. మామూలు పొరపాటు ఏమిటంటే పెద్దలు అన్నీ చూసి రెండున్నరకు భోజనానికి కూర్చుంటారు. పిల్లలకు పదకొండున్నరకే పెట్టేయండి, పెద్దలు తర్వాత తినవచ్చు. సాగర్‌లో, ఎత్తిపోతలలో, గుడికొండల్లో కోతులు ఉంటాయి. చిప్స్ ప్యాకెట్ చేతిలో కనిపిస్తే చాలు, పిల్లల మీదికి దూకుతాయి. తినేది బండిలో కూర్చునే తినిపించండి.

దప్పికకు చల్లని డ్రింకులు పనికిరావు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు పెట్టుకోండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపాలో రాసి ఉంటుంది, అంతే కలపాలి. సగం గ్లాసులో మొత్తం వేస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. ప్యాకెట్ దొరకనిచోట లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి వేయాలి.

బండిలో ఎక్కడ కూర్చోవాలన్నది కూడా నాకు చాలా ముఖ్యం. బిడ్డను ఒడిలో పెట్టుకుని డ్రైవరు పక్క సీట్లో కూర్చుంటానంటే నేను బండి తీయను. ఎంత పెద్దవారు చెప్పినా తీయను. 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నట్టుండి బ్రేకు వేస్తే ఎంత బలమైన చేతులైనా బిడ్డను ఆపలేవు, పైగా ముందు సీటు ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే పసిబిడ్డకు అదే ప్రాణాంతకం. వెనుక సీట్లలో బెల్టులున్న బండి అడిగి తీసుకోండి. కారైతే పిల్లల సీటు కొని బిగించండి, వెనుక తలుపులకు చైల్డ్ లాక్ వేయించండి. కొందరు పెద్దలు బండిలో, మరో జంట బైకు మీద పిల్లను మధ్యలో కూర్చోబెట్టుకుని వెనుక వస్తుంటారు. నాలుగేళ్లలోపు పిల్లకు హెల్మెటు, పెద్దవారికి కట్టే పట్టీ ఉండాలని, వేగం 40 దాటకూడదని 2022లోనే కేంద్రం నిబంధన పెట్టింది. నిబంధన సంగతి పక్కన పెట్టినా, లారీలు తిరిగే సాగర్ రోడ్డు మీద అంత దూరం పసిపిల్లను బైకు మీద తేవద్దు. నిద్రపోతున్నాడు కదా అని బాబును ఆపిన బండిలో ఒంటరిగా వదిలి అయిదు నిమిషాలు కూడా వెళ్లవద్దు. ఎండలో మూసిన బండి లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది, పిల్లల ఒళ్లు పెద్దలకంటే చాలా త్వరగా వేడెక్కుతుంది.

పదకొండు మంది ఉన్నారు కదా, పిల్లలను చూసుకోవడానికి మనుషులకు కొదవేముంది అనుకోవద్దు. మనుషులు ఎక్కువైనకొద్దీ ప్రమాదమూ ఎక్కువవుతుంది. ఎత్తిపోతల దగ్గర ఒకసారి నా పార్టీలోని నాలుగేళ్ల పిల్ల కనిపించలేదు. అత్త దగ్గర ఉందని తల్లి, తల్లి దగ్గర ఉందని అత్త, నాన్నతో ఫొటోలు దిగుతోందని బాబాయి. నాన్న ఒక్కడే ఫొటోలు దిగుతున్నాడు. అందరం నాలుగు దిక్కులా పరుగెత్తాం. మొక్కజొన్న కంకులు కాల్చే అవ్వ పక్కన, బొగ్గుల వైపు విసనకర్ర పట్టుకుని ఊపుతూ కూర్చుని ఉంది పాప. అవ్వ కంకి ఒలిచి గింజలు చేతిలో పోస్తుంటే తింటోంది. అందరూ ఏడ్చారు, ఆ పిల్ల తప్ప.

అందుకే బండి దిగే ముందే తేల్చుకోండి: అయిదేళ్లవాడు ఎవరి బాధ్యత, పాప ఎవరి బాధ్యత. పేరుపెట్టి ఒక్కొక్కరికి ఒక్కొక్కరు. వారు ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే "పాపను నీకు అప్పగిస్తున్నాను" అని నోటితో చెప్పి, అవతలివారు "సరే" అన్నాకే కదలాలి. పొద్దున బట్టలు వేశాక పిల్లలకు ఒక ఫొటో తీయండి, ఏ రంగు గౌను వేసుకుందో కంగారులో గుర్తుకు రాదు. ముంజేతి లోపలి వైపు బాల్‌పెన్నుతో ఫోను నంబరు రాయండి. కనిపించకపోతే అయిదు నిమిషాలు కూడా ఆగకుండా అక్కడి సిబ్బందికి చెప్పండి, 112కు ఫోను చేయండి. పిల్లల సహాయానికి 1098 కూడా ఉంది.

నీళ్ల దగ్గర ఈ బాధ్యత ఇంకా గట్టిగా ఉండాలి. కృష్ణ ఒడ్డున మెట్లకు పాచి పడుతుంది, గేట్లు ఎత్తినప్పుడు దిగువన నీటి మట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది. నీటిలో మునిగే బిడ్డ కేకలు వేయడు, చప్పుడు లేకుండా మునుగుతాడు. చెయ్యి చాపితే అందేంత దగ్గర మీరుండాలి, ఫోను జేబులో ఉండాలి. సెల్ఫీ కోసం ఒక్క క్షణం తిరిగితే చాలు.

మనసుకు కష్టం కలిగించే ఒక సంగతి చెప్పాలి. చాలా ఇళ్లలో టూరంటే తల్లి బండిలో కూర్చుని బిడ్డకు పాలు పట్టడమే. మిగతావారు డ్యాము చూస్తారు, ఆమె నా బండి సీటు కవర్లు చూస్తుంది. "మీరు వెళ్లి రండమ్మా, నేను ఇక్కడే ఉంటాను, అమ్మమ్మగారు బాబును చూసుకుంటారు" అని నేనే చెప్పిన సందర్భాలున్నాయి. పోయిన శీతాకాలం ఒక నానమ్మ బండి ఆపిన చోట వేపచెట్టు కింద దుప్పటి పరిచింది. మూడేళ్ల మనవడు ఖాళీ నీళ్ల సీసాలో గులకరాళ్లు ఒక్కొక్కటి వేసి, వంచి, మళ్లీ వేస్తున్నాడు. వాడి నాన్న వచ్చి "డ్యాము చూద్దువు రా" అని లాగబోతే ఆమె చెయ్యి అడ్డుపెట్టింది. "వాడికి ఇక్కడ బాగుంది, మీ ఇద్దరూ వెళ్లండి, కోడలు ఇంతవరకు బండి దిగలేదు" అంది. ఆ ఇద్దరూ గంటసేపు తిరిగి వచ్చారు. మీ ఇంట్లోనూ వంతులు పెట్టుకోండి. మీ వారికి, మీ ఆడపడుచుకు, మామగారికి కూడా ఒక్కో గంట రాసిపెట్టండి. పాలు పట్టడం మీరే చేయాలి, ఒప్పుకుంటాను. ఆ తర్వాత త్రేన్పు తెప్పించడం, బట్ట మార్చడం, జోకొట్టడం ఎవరైనా చేయగలరు.

పాలమూరు వైపు వారు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకూ ఇదే లెక్క. పిల్లలమర్రి ఒక్కటే పెట్టుకున్నా సగం రోజు హాయిగా గడుస్తుంది. మూడు ఎకరాలకు పైగా పరుచుకున్న మర్రి అది. 2017 చివర్లో చెద వల్ల పెద్ద కొమ్మ కూలింది, 2018లో మనుషులకు ఎక్కించినట్టే సెలైన్ సీసాలతో దానికి మందు ఎక్కించి బతికించారు. ఆ సంగతి చెబితే పిల్లలు చెట్టును చూసే చూపే మారుతుంది. ఊడలు పట్టుకుని ఊగనివ్వకండి. అలంపూర్ వెళ్లేవారు నవబ్రహ్మ ఆలయాలకు పొద్దున్నే చేరండి, పదకొండు దాటితే ఆవరణలోని బండలు కాలుతాయి. పిల్లలకు మందపాటి మేజోళ్లు తొడిగితే పాదాలు కాలవు. శ్రీశైలం ఒక్కరోజులో పసివాళ్లతో వెళ్లి రావాలనుకోవడం నాకు నచ్చదు. మలుపులు ఎక్కువ, పైగా అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు. వాంతులకు రెండుసార్లు ఆగితే తిరుగు ప్రయాణంలో గేటు మూసేస్తారేమోనన్న కంగారు. అలాంటి కంగారులో డ్రైవరు వేగం పెంచుతాడు. అక్కడికి వెళితే రాత్రి ఉండేట్టు వెళ్లండి.

బండి మాట్లాడుకునేటప్పుడు కిరాయితో పాటు ఇవి కూడా మాట్లాడండి: దారిలో రెండు మూడు చోట్ల ఆపాలి, పాలు పట్టేటప్పుడు తొందరపెట్టకూడదు, ముందురోజు రాత్రి డ్రైవరు నిద్రపోయి ఉండాలి. పెళ్లి పార్టీని దింపి నేరుగా మీ ఇంటికి వస్తున్నాడేమో అడగండి, అడిగే హక్కు మీకుంది. మరుగుదొడ్డి కోసం పెట్రోలు బంకుల్లో ఆపించండి, డీజిల్ పోయించకపోయినా వాడుకోవచ్చు. సాగర్‌లో అయితే పర్యాటక శాఖవారి హోటల్లో భోజనం పేరుతోనో టీ పేరుతోనో ఆగితే ఆడవారికి ఇబ్బంది ఉండదు.

తేదీ ఇంకా ఖాయం చేయలేదన్నారు. సంక్రాంతికి లాంచీ పెట్టుకుంటే శుక్రవారం వద్దు, కొండమీది మ్యూజియానికి ఆ రోజు సెలవు. ఇప్పటికైతే, బయలుదేరే ముందురోజు సాయంత్రం గేట్లు ఎత్తారేమో వార్తల్లో చూడండి. ఎత్తి ఉంటే సెలవుల్లో ఆదివారం నాడు హైదరాబాద్ బండ్లన్నీ అక్కడే ఉంటాయి, డ్యాము దగ్గరికి చేరడానికే గంటలు పడుతుంది. మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. బండి ఎన్ని సీట్లది తీసుకోవాలో తేల్చుకోలేకపోతే, సామాను ఎంత ఉంటుందో రాయండి, చెబుతాను.